వెనక ఎడమ టైరు

కమలాపండు తొక్క తీసి, పీచు లాగేసి, గింజలు ఏరి ఒక్కో తొనా ముందు సీట్లోకి అందిస్తున్నాను. మొదటి తొన అత్తయ్యకి, రెండోది మా ఆయనకి. ఆయన వెనక్కి తిరగడు, చెయ్యి వెనక్కి చాపడు. ఎడమ అరచెయ్యి గేరు పక్కన వెల్లకిలా పెడతాడు, అంతే. నేను సీటు బెల్టు లాక్కుంటూ రెండు సీట్ల మధ్యలోంచి ముందుకి వంగి ఆ అరచేతిలో తొన పెట్టాలి. ఈసారి ఒక గింజ నా కన్నుగప్పి వెళ్ళిపోయింది. "గింజుంది" అన్నాడు. నేను చెయ్యి పట్టాను, అందులో ఉమ్మాడు. ఆ తడి గింజని తొక్కల్లో వేసి, చెయ్యి రుమాలుకి తుడుచుకుని, మళ్ళీ తొన వలవడం మొదలుపెట్టాను. నేనెందుకు చెయ్యి పట్టానో నాకే తెలియదు. పన్నెండేళ్ళుగా పడుతున్నాను కాబట్టి పట్టాను.

అప్పుడే బండి ఎనభై దాటింది. దాటిందని ముల్లు చూడకుండానే చెప్పగలను. సీటు కింద అదురు మొదలవుతుంది. గతుకుల రోడ్డు మీద వచ్చే కుదుపు కాదిది, రోడ్డు నున్నగా ఉంది. ముందు నడుం దగ్గర, తర్వాత వెన్నులో, ఆఖరికి దవడల్లో. పక్కన కూర్చున్న మా పాప చేతిలో సీసాలో నీళ్ళు వణుకుతున్నాయి. పాపకి పదకొండేళ్ళు. అది నోరు తెరిచి "ఆ..." అని సాగదీసింది. గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది. "అమ్మా, నా పాట వణుకుతోంది విన్నావా" అని నవ్వింది.

"సీటు అదురుతోందండీ" అన్నాను.

"నీకే అనిపిస్తోంది."

"అరవైలో లేదు. ఎనభై దాటితేనే వస్తోంది."

మా ఆయన స్టీరింగు మీంచి రెండు చేతులూ తీసేసి గాల్లో పెట్టాడు. "ఇదిగో, చూడు. ఏమన్నా కదిలిందా? నడిపేవాడికి తెలియనిది వెనక కూర్చున్నదానికి తెలిసిపోయింది." అత్తయ్య కంగారుగా "ఒరే, చేతులు పెట్టరా" అంది. పెట్టాడు. తర్వాత అద్దంలో నన్ను చూసి, ఓపికగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "వెనక అలాగే ఉంటుంది. అందులోనూ నువ్వు మరీ సున్నితం."

సున్నితం. ఈ మాట నేను రెండు చోట్ల వింటాను. పగలు ఫ్యాక్టరీలో, తక్కిన వేళల్లో ఇంట్లో. మాది వాష్ బేసిన్లు తయారుచేసే ఫ్యాక్టరీ. నేను చెకింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను. కొలిమిలోంచి వచ్చి చల్లారిన ప్రతి బేసినూ పెట్టెలోకి ఎక్కేముందు నా బల్ల మీదకి వస్తుంది. వేలి కణుపుతో తట్టి వింటాను. బాగున్నదైతే ఖంగుమంటుంది, లోపల ఎక్కడో బీట ఉన్నదైతే గొంతు పోయినట్టు పలుకుతుంది. తర్వాత పల్చటి నూలు గ్లవ్ తొడుక్కుని అంచంతా నిమురుతాను. ఒట్టి చేత్తో కన్నా మధ్యలో నూలు గుడ్డ ఉంటేనే ఎత్తుపల్లాలు బాగా తెలుస్తాయి, చెయ్యి అతుక్కోకుండా జారుతుంది. తేడా ఉన్నచోట ఎర్ర స్టిక్కరు అంటిస్తాను. ఎర్ర స్టిక్కరు పడిన బేసిను గేటు దాటకూడదు. అది రూలు.

ఎవరైనా పెద్దవాళ్ళు ఫ్యాక్టరీ చూడటానికొస్తే మా మేనేజరు నన్ను చూపించి "మేడం చెయ్యి చాలా సున్నితం, కళ్ళు మూసుకుని చెప్పేస్తారు" అని గొప్పలు పోతాడు. నెలాఖరులో లారీ గేటు దగ్గర నిలబడి ఉన్నప్పుడు మాత్రం ఆ నోటితోనే "ఇంకోసారి చూడండి మేడం, మీకే అనిపిస్తోందేమో" అంటాడు. ఒకసారి నేను టీ తాగి వచ్చేసరికి నేనంటించిన స్టిక్కరు లేదు, బేసినూ లేదు. ఎవరింట్లోనో బిగిస్తుండగా రెండు చెక్కలై తిరిగొచ్చింది. "దీన్ని చెక్ చేసింది ఎవరు?" అని మీటింగులో అందరి ముందూ నన్ను నిలబెట్టాడు. స్టిక్కరు పీకింది ఎవరని ఒక్కరూ అడగలేదు. ఎంతైనా, అక్కడ సున్నితం అంటే కనీసం పనితనం. ఇంటికొచ్చేసరికి అదే జబ్బు అయిపోతుంది. గ్యాస్ వాసన వస్తోందంటే సున్నితం. అత్తయ్యది మామూలు దగ్గు కాదు అంటే సున్నితం. తర్వాత ఆవిడ ఆసుపత్రిలో చేరితే, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని కనిపెట్టిన డాక్టరు ఎంత గొప్పవాడో మా ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. నేను ఆ వచ్చినవాళ్ళకి కాఫీలు ఇస్తూ విన్నాను.

ఆ అదురుకి కారణమైన టైరు సంగతి నాకు మొదట్నించీ తెలుసు. కిందటేడు మా ఆయన ఫోన్లో మాట్లాడుతూ డివైడర్ అంచు మీదకి బండి ఎక్కించాడు. ముందు ఎడమ టైరు ధడేలుమని ఎక్కి దిగింది. నేను ఆ పూట ఒక్క మాట కూడా మాట్లాడలేదు, నిద్రపోతున్న పాప తల పట్టుకుని కూర్చున్నాను. అయినా ఫోన్ పెట్టేసి "నీ గొడవలో పడి చూసుకోలేదు" అన్నాడు. కొన్నాళ్ళకి రెండు కొత్త టైర్లు వేయించాడు. కొత్తవి ముందుకి, ముందున్నవి వెనక్కి. "ముందు టైర్లే ముఖ్యం. స్టీరింగంతా వాటి మీదే కదా. వెనకవి ఊరికే దొర్లుకుంటూ వస్తాయి" అని నాకు పాఠం చెప్పాడు. ఊరికే దొర్లుకుంటూ వచ్చేవాళ్ళం నేనూ పాపా అని అప్పుడు తట్టలేదు. ముందు సీటు అత్తయ్యది, వెనక కూర్చుంటే ఆవిడకి కళ్ళు తిరుగుతాయి. వెనక ఎడమవైపు నాది. మా ఆయన చేతికి తొనలు అందించడానికి ఆ వైపయితేనే వీలు.

పోరగా పోరగా ఒక రోజు టైర్ల షాపుకి తీసుకెళ్ళాడు. నేను దిగి, ఎప్పుడు మొదలవుతుందో, ఎక్కడ తెలుస్తుందో, ఎప్పుడు ఆగుతుందో వరసగా చెప్పాను. షాపతను అంతా విని మా ఆయన వైపు తిరిగి "స్టీరింగు కొట్టుకుంటోందా సార్?" అన్నాడు. లేదన్నాడు. "అయితే ఏం లేదు సార్. ఓసారి బ్యాలెన్సింగ్ చేసి పంపిస్తా." నాలుగు చక్రాలూ విప్పి, మిషన్ మీద తిప్పి, బరువు తక్కువున్న వైపు రిమ్ముకి చిన్న చిన్న సీసం ముక్కలు అంటించాడు. "మేడంగారు కొంచెం సెన్సిటివ్ అనుకుంటా సార్." "అబ్బో, ఆ సంగతి నన్నడుగు" అన్నాడు మా ఆయన. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను అక్కడే ఉన్నాను, కుర్చీలాగా.

తిరిగి వస్తుంటే మళ్ళీ అదిరింది. ఎందుకు అదరదు? తూకం వేరు, ఆకారం వేరు. వంకర తిరిగిన బేసిను కూడా తక్కెడలో సరిగ్గానే తూగుతుంది. ఆ మాట అంటే "ఇదేమన్నా నీ సింకులనుకున్నావా" అన్నాడు. తర్వాత ఇంకో కారణం వెతికి పట్టుకొచ్చాడు. తను క్యాంపుకి వెళ్ళినప్పుడు కారు నెలంతా కదల్లేదట, నిలబడ్డ చోట టైర్లు చదునైపోతాయట, కాస్త దూరం పోతే వేడెక్కి వాటంతటవే గుండ్రంగా సర్దుకుంటాయట. అది అబద్ధమేం కాదు. నేను నెట్లో చదివి చూశాను, టైర్లకి అలా అవుతుంది. కానీ అలాంటి అదురు పోనుపోను తగ్గాలి. మాది గంట ప్రయాణం తర్వాత ఇంకా ఎక్కువైంది. లోపల ఉక్కు తీగల పొర ఎక్కడైనా విడిపోతే పైన రబ్బరు అక్కడ ఉబ్బుతుందని, వేడికి ఇంకా ఉబ్బుతుందని, ఒక రోజు వేగంలో ఉండగా పేలుతుందని కూడా అక్కడే చదివాను. ముందు టైరు పాడైతే స్టీరింగు వణుకుతుంది, వెనక టైరు పాడైతే సీటు వణుకుతుంది అని కూడా ఉంది. అంటే ఆ రోజు చేతులు గాల్లో పెట్టి ఆయన నాకు చూపించింది, ఏమీ లేదని కాదు. వెనక ఉందని. ఆ సంగతి చెప్పబోతే టీవీ సౌండు పెంచాడు.

వచ్చే ఆదివారం బావగారింటికి వెళ్ళాలి. హైవే మీద మూడు గంటలు. ఆ టైరు మీద కూర్చునేది నేను, నా పక్కన పాప. ఆ తలపు వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది. నా బల్ల మీద ఒక్క ఎర్ర స్టిక్కరుతో ఎంత పెద్ద సరుకైనా ఆపగలను. నా కూతురు కూర్చునే కారుని ఆపలేను.

ఆ వారంలో సెలవు పెట్టాను. మా ఆయన ఆఫీసు బస్సులో వెళ్ళాక కారు తాళాలు తీశాను. నాకు లైసెన్సుంది, పెళ్ళికి ముందే తీసుకున్నాను. "నువ్వు నడిపితే నాకు గుండె దడ" అని ఆయన అన్నప్పట్నించీ అది బీరువాలోనే ఉంది. అత్తయ్యని కళ్ళ డాక్టరుకి చూపించాలి ఎలాగూ. ముందు సీట్లో ఇస్త్రీ బట్టల మూట పెట్టి "మీరు వెనక కూర్చోండి అత్తయ్యా, కాసేపేగా" అన్నాను. సణుక్కుంటూనే ఎడమవైపు, నా చోట్లో కూర్చుంది. బైపాస్ రోడ్డెక్కాక వేగం పెంచాను. ముల్లు ఎనభై దాటింది.

నా చేతుల్లో ఏమీ లేదు. స్టీరింగు నిశ్చలంగా ఉంది. సీటు మెత్తగా ఉంది, ఏసీ గాలి చల్లగా మొహానికి తగులుతోంది. ముందు ఇంత హాయిగా ఉంటుందా అనుకున్నాను. ఆ హాయిలో, నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది. ఇన్నాళ్ళూ నాకే అనిపించిందేమో అని.

"ఏంటే అమ్మాయ్ ఇది" అంది అత్తయ్య వెనకనుంచి. "సీటు కింద తిరగలి తిప్పుతున్నట్టుంది. నా పళ్ళు ఊడొచ్చేట్టున్నాయి. నెమ్మదిగా పోనీ తల్లీ."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. వేగం తగ్గించాను. దారి పొడుగునా ఆవిడ ఆ అదురు గురించే మాట్లాడింది. "వాడికి చెప్పాలి, ఆదివారంలోపు బాగుచేయించమనాలి" అని తనే అంది. ఇంటికొచ్చాక ఆవిడకి టీలో అల్లం దండిగా వేసి ఇచ్చాను.

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. కారు తీశానని తెలిసి మా ఆయన మొహం మాడ్చుకున్నాడు. "ఎవర్నడిగి తీశావ్" దగ్గర మొదలుపెట్టి, డెంటు పడితే ఎవరు చూసుకుంటారు దాకా వెళ్ళాడు. అంతా అయ్యాక "సరే, అత్తయ్యకి కూడా తెలిసింది, అడగండి" అన్నాను.

"ఏమ్మా?" అన్నాడు.

అత్తయ్య కంచంలోకి చూసింది. "ఏమోరా. నాకంత తెలియలేదు. రోడ్డే బాగాలేదేమో."

మా ఆయన గెలిచినవాడిలా కుర్చీలో వెనక్కి వాలి, పాప వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. నీకెప్పుడైనా తెలిసిందా?"

పాప నానమ్మని చూసింది. నాన్నని చూసింది. నన్ను చూసి, చూపు తిప్పేసుకుంది. సీసాలో నీళ్ళు వణకడం చూసిన పిల్ల, పాట వణుకుతోందని నవ్విన పిల్ల, మెల్లగా అంది. "నాకే అనిపించిందేమో నాన్నా."

గిన్నెలు సర్దుతుంటే అత్తయ్య వంటింట్లోకొచ్చింది. "కోపం తెచ్చుకోకే. లేదని వాడి నోట్లోంచి వచ్చేశాక మనం ఉందంటే ఊరుకుంటాడా? ఇల్లంతా గొడవ. మీ మామగారూ అంతే. ఆయన వేడిగా ఉందంటే వేడి, చలిగా ఉందంటే చలి. నాకు జ్వరం వచ్చిందో లేదో కూడా ఆయన్నడిగే తెలుసుకునేదాన్ని." తన మాటకి తనే నవ్వింది.

"మరి పాప అత్తయ్యా?"

"అదీ నేర్చుకోవాలిగా. రేపు ఇంకో ఇంటికి వెళ్ళే పిల్ల."

ఆవిడ ప్రేమగానే అంది. నా భుజం మీద చెయ్యి వేసి మరీ అంది. నాకు అప్పుడు ఆవిడ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు, అరికాళ్ళనుంచి నెత్తికెక్కింది. ఆ కోపంలో సగం నా మీద. పన్నెండేళ్ళుగా ఆ పిల్ల ఎదుట గింజ కోసం చెయ్యి పడుతున్నది నేనే కదా. నేర్పింది అత్తయ్య ఒక్కతే కాదు.

శనివారం మధ్యాహ్నం మా ఆయన టీవీ ముందు సోఫాలో గుర్రు పెడుతున్నాడు. నేను డిక్కీలోంచి జాకీ తీశాను. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, వెనక ఎడమవైపు లేపాను. చక్రం నేల వదిలింది, కానీ ఎంత తిప్పినా తిరగదు. బలమంతా పెట్టి గుంజాను. తర్వాత వెలిగింది, హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక చక్రాల్నే. బుద్ధి లేకపోతే సరి అని నన్ను నేనే తిట్టుకుని, బండి కిందికి దించి, ముందు చక్రాలకి అటూ ఇటూ ఇటుకలు ఆనించి, గేర్లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలి, మళ్ళీ లేపాను. ఈసారి వేలితో తోస్తే చక్రం తిరిగింది.

టైరు వెనక ఇంకో రెండిటుకలు పేర్చి, వాటి మీద పాప స్కేలు పెట్టి, టైరుకి ఇంకాస్తలో తగులుతుందనగా ఆపాను. చక్రం నెమ్మదిగా తిప్పాను. స్కేలుకీ రబ్బరుకీ మధ్య సందు అలాగే ఉంది, అలాగే ఉంది, ఒకచోట మూసుకుపోయింది. టైరు స్కేలుని గీరి పక్కకి తోసేసింది. స్కేలు మళ్ళీ సర్ది, ఇంకో చుట్టు తిప్పాను. అదే చోట మళ్ళీ గీరింది. కంటికి చూస్తే ఏమీ లేదు, నల్లగా, గుండ్రంగా, ఏమీ ఎరగనట్టు ఉంది. అక్కడే ఉంది మాయరోగం.

"ఏం చేస్తున్నావమ్మా?" పాప గుమ్మంలోంచి అడిగింది.

"ఇలా రా." ఫ్యాక్టరీ గ్లవ్ నా బ్యాగులోంచి తీసి దాని చేతికి తొడిగాను. వేళ్ళ దగ్గర వదులుగా వేలాడింది. "కళ్ళు మూసుకో. నేను మెల్లగా తిప్పుతాను, నువ్వు పైన చెయ్యి ఆనించి ఉంచు. ఎక్కడైనా తేడా తెలిస్తే చెప్పు."

చక్రం తిరిగింది. పాప మొహం బిగుసుకుంది. "ఇక్కడ" అంది. కళ్ళు తెరవబోతే వద్దన్నాను. ఇంకోసారి తిప్పాను.

"ఇక్కడే. ఉబ్బెత్తుగా ఉంది."

"నీకే అనిపిస్తోందేమో?"

పాప చెయ్యి ఆగింది. నేను కావాలనే అన్నానని దానికి తెలియదు. అది చెయ్యి తియ్యలేదు. ముందుకీ వెనక్కీ, ఆ ఉబ్బు మీదుగా, నేను బేసిన్ల మీద నిమిరినట్టే నిమిరింది.

"కాదు" అంది. "ఉంది."

బ్యాగులోంచి ఎర్ర స్టిక్కరు తీసి దాని చేతికిచ్చాను. ఉబ్బిన చోట టైరు పక్కన, బయటికి కనబడేట్టు అంటించి, బొటనవేలితో గట్టిగా నొక్కింది. ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పాను, వచ్చి చెయ్యి పెట్టి చూడమన్నాను. "రేపు పొద్దున్న చూద్దాంలే" అన్నాడు. అది చూస్తాననడం కాదు, నోరు ముయ్యమనడం.

ఆదివారం పొద్దున్న సామానంతా నేనే డిక్కీలో సర్దాను. నీళ్ళు, తువ్వాళ్ళు, అత్తయ్య మందులు. కమలాపళ్ళ సంచి మాత్రం వెనక సీట్లో పెట్టాను. అత్తయ్య ముందు సీట్లో, పాప వెనక సీట్లో కూర్చున్నారు. మా ఆయన బూట్లేసుకుని వచ్చి, కారు చుట్టూ ఒక రౌండు కొట్టి, స్టిక్కరు దగ్గర ఆగాడు.

"ఇదేంటి, టైరుకి మొటిమ లేచిందా?" అని నవ్వాడు. వంగి, గోటితో గీకి, స్టిక్కరు పీకేశాడు. రెండు వేళ్ళ మధ్య ఉండలా నలిపి రోడ్డు మీదకి విసిరాడు.

ఆ ఎర్ర ఉండ దొర్లుకుంటూ వెళ్ళి కాలువ పక్కన ఆగింది. మీటింగులో నిలబెట్టినప్పుడు కూడా నాకింత కోపం రాలేదు. ఆ రోజు పీకింది ఎవరో చూడలేదు. ఇవాళ చూశాను. అంటించిన పిల్ల కిటికీ అద్దంలోంచి చూస్తోంది.

"పాపా, దిగు" అన్నాను. "అత్తయ్యా, మీరూ దిగండి."

"ఏమైందే?" అంది అత్తయ్య.

"మీరిద్దరూ ఇంట్లో ఉండండి. నేనూ ఆయనా హైవే దాకా వెళ్ళి వస్తాం. నేను నడుపుతాను." డిక్కీ సర్దినప్పట్నించీ తాళాలు నా చేతిలోనే ఉన్నాయి. మా ఆయన వైపు తిరిగాను. "మీరు వెనక కూర్చోండి. ఎడమవైపు, నా చోట్లో. మీకేమీ తెలియకపోతే ఈ జన్మలో మళ్ళీ ఆ మాటెత్తను."

"పిచ్చి వేషాలు వేయకు. ఇప్పటికే ఆలస్యమైంది. తాళాలియ్యి."

"ఇవ్వను."

ఆయన నా మొహంలోకి చూశాడు. ఈ మాట నా నోట్లోంచి ఎప్పుడూ విని ఉండడు, ఎటు పోవాలో తెలియక అత్తయ్యని చూశాడు. అత్తయ్య "పోనీ వెళ్ళరా, అంతగా చెబుతోంది" అని గొణిగింది. అప్పుడు పాప కారు దిగి, నాన్న ఎదురుగా నిలబడింది. గొంతు వణుకుతోంది, టైరు వల్ల మాత్రం కాదు.

"ఉంది నాన్నా. నేను చేత్తో చూశాను."

ఎదురింటాయన బాల్కనీలోంచి టీ తాగుతూ మమ్మల్నే చూస్తున్నాడు. మా ఆయన కూర్చున్నది పాప మాటకో, ఎదురింటాయన చూపుకో నాకు తెలియదు. కూర్చున్నాడు. తలుపు మాత్రం ధడాలున వేశాడు.

హైవే ఖాళీగా ఉంది. నేను ఎక్కువసేపు ఎనభైలో ఉండదల్చుకోలేదు, పంతానికి ప్రాణం మీదకి తెచ్చుకునేదాన్ని కాను. పక్కన చోటున్న రోడ్డు చూసుకుని, ముల్లు ఎనభై దాటించి, అద్దంలోకి చూశాను. ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు. ఫోన్ దించాడు. సీటు మీద అరచెయ్యి ఆనించాడు. కిటికీలోంచి రోడ్డుని చూశాడు, రోడ్డు నున్నగా ఉంది. బుగ్గలు సన్నగా అదురుతున్నాయి. మళ్ళీ సీటు మీద చెయ్యి పెట్టాడు.

"ఇదేంటి" అన్నాడు. "ఇంతలా అదురుతుంటే ముందే చెప్పవేంటి?"

నేను వేగం తగ్గించాను. అనడానికి నా దగ్గర ఎన్ని మాటలున్నాయో లెక్కలేదు. రాత్రిళ్ళు పక్క మీద కూర్చిపెట్టుకున్నవి, వంటింట్లో గిన్నెలకి చెప్పుకున్నవి, అన్నీ ఒక్కసారిగా నోటిదాకా వచ్చాయి. ఆయన అబద్ధం ఆడటం లేదు, అదే నన్ను దహించేసింది. ఆయనకి నిజంగానే ఇప్పుడే మొదటిసారి తెలిసింది. నేను చెప్పినవేవీ ఆయన చెవిలో మాటలుగా పడలేదు, ఇంజను చప్పుడులా పడ్డాయి. నేను మెల్లగా, నలభై దాటకుండా, టైర్ల షాపుకి పోనిచ్చాను.

షాపతను డ్రైవరు సీట్లో నన్ను చూసి, నా మీదుగా వెనక్కి చూసి, "చెప్పండి సార్" అన్నాడు. మా ఆయన అప్పటికే దిగాడు. "వెనక ఎడమ టైరు ఉబ్బింది. లోపల పొర విడిపోయుంటుంది. నేను వెనక కూర్చుని మరీ చూశాను" అన్నాడు. పొర సంగతి ఆయనకి చెప్పింది నేనే. ఇన్నాళ్ళూ వినలేదనుకున్నాను, అవసరమైన ముక్క మాత్రం ఎక్కింది. షాపతను మారు మాట్లాడకుండా చక్రం విప్పాడు. టైరు రిమ్ము మీంచి ఊడదీసి, లోపలికి చెయ్యి పెట్టి తడిమి "అబ్బో" అన్నాడు. "విడిపోయింది సార్. ఫ్యామిలీతో హైవే మీద ఉండగా పేలి ఉంటే... మీరు కనిపెట్టారు కాబట్టి సరిపోయింది." మా ఆయన వినయంగా తలూపాడు. ఇలాంటివి నాకు ముందే తెలిసిపోతాయి అన్నట్టు.

నేను కారు దిగలేదు. అన్నీ చూస్తూ, అన్నీ వింటూ స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. షాపతను కొత్త టైరు బిగించి, బోల్టులు సరిచూసి, "వెళ్ళిరండి సార్" అన్నాడు. మా ఆయన నా వైపు తలుపు దగ్గరకొచ్చి, కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టాడు. అరచెయ్యి వెల్లకిలా. తాళాల కోసం. తొనల కోసం పెట్టేది కూడా సరిగ్గా అలాగే.

ఇంటి దగ్గర పాప ఎదురుచూస్తూ ఉంటుంది. నేను ఏ సీట్లోంచి దిగుతానో చూస్తుంది.

"వెనకే కూర్చోండి" అన్నాను. "సంచిలో కమలాపళ్ళున్నాయి. గింజలు తీసి ఇవ్వండి."